గ్యారేజీలో అమ్మానాన్నలకు గది: కాలిఫోర్నియాలో ప్లాన్ వేసుకునే తీరు

అమ్మకు మోకాళ్ల నొప్పులు. మా ఇంట్లో పడగ్గదులన్నీ పైన, కింద ఉన్నది హాలు, వంటగది, స్నానానికి వీల్లేని అర బాత్రూమ్. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చి ఆర్నెల్లు ఉంటే, ఆ ఆర్నెల్లూ అమ్మ రోజుకు రెండుసార్లు రెయిలింగ్ పట్టుకుని మెట్లు ఎక్కడం, దిగడం. పక్కనే 20 అడుగులకు 20 అడుగుల గ్యారేజీ. కార్లు ఎప్పుడూ బయట ఎండలోనే ఉండేవి. లోపల నీడలో సూట్‌కేసులు, బియ్యం బస్తాలు, పిల్లల పాత సైకిళ్లు. బే ఏరియాలో మనవాళ్ల గ్యారేజీలు చాలావరకు ఇలాగే ఉంటాయి.

దాన్ని గదిగా మార్చుకున్నాం. ఆ పనిలో నేర్చుకున్నవి, తెలియక ఆగిపోయినవి వరసలో చెబుతాను. ఈ వరసే ముఖ్యం. చాలామంది టైల్స్ రంగు దగ్గర మొదలుపెడతారు. నేల ఎలా ఉంది, నీళ్లు ఎటు పోతాయి, కాగితం ఏ పేరున వస్తుంది, ఈ మూడూ తేలాకే మిగతావి చూడాలి. నిబంధనలన్నీ కాలిఫోర్నియావి. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే నేల గురించి చెప్పింది పనికొస్తుంది, కాగితాల సంగతి మాత్రం మీ ఊళ్లో అడగండి. హైదరాబాద్ అపార్ట్‌మెంటులో స్టిల్ట్ పార్కింగ్‌కు గోడలు కట్టి గది చేద్దామనుకునేవాళ్లకు ఇది అసలు వర్తించదు. అక్కడ పార్కింగ్ స్థలాన్ని ఇంకోదానికి వాడటమే నిబంధనలకు విరుద్ధం.

ముందు గచ్చు

ఇక్కడివాళ్లు స్లాబ్ అనేది మన స్లాబ్ కాదు. మనకది పైకప్పు, వీళ్లకు కాళ్ల కింది గచ్చు. "స్లాబ్ వాలుగా ఉంది నాన్నా" అని ఫోన్‌లో చెబితే ఆయన ఇల్లు కూలుతోందేమోనని కంగారుపడ్డారు.

ఆ వాలు తప్పు కాదు. గ్యారేజీ గచ్చును కావాలనే తలుపు వైపు వాటంగా పోస్తారు, కారు మీంచి కారిన నీళ్లు బయటికి పోవాలి కదా. మామూలుగా అడుగుకు 1/8 అంగుళం నుంచి 1/4 అంగుళం దాకా ఉంటుంది. 20 అడుగుల పొడవుకు లెక్క వేయండి: రెండున్నర అంగుళాల నుంచి అయిదు అంగుళాల తేడా. కంటికి కనపడదు. గ్యారేజీ ఖాళీ చేసిన రోజు అమ్మ వెనక గోడ దగ్గర ఒక నిమ్మకాయ పెట్టి వదిలింది. అది కాసేపు ఆలోచించినట్టు ఆగి, మెల్లగా దొర్లుకుంటూ వెళ్లి తలుపుకు తగిలింది. తర్వాత లేజర్ లెవెల్‌తో కొలిస్తే మూడుంపావు అంగుళాలు తేలింది. పొడవాటి రసమట్టం ఉన్నా చాలు. నాలుగు మూలల్లోనూ, మధ్యలోనూ కొలిచి కాగితం మీద రాసుకోండి.

రెండోది చెమ్మ. ఇంటి లోపలి నేల కింద తేమ పైకి రాకుండా ప్లాస్టిక్ పొర పరుస్తారు. పాత ఇళ్ల గ్యారేజీల కింద అది చాలాసార్లు ఉండదు, కారుకు చెమ్మ తగిలితే ఏమవుతుందిలే అని. చూసుకోవడం తేలికే. అడుగున్నర చదరంలో మందపాటి పారదర్శక ప్లాస్టిక్ షీటు తీసుకుని, నాలుగు అంచులకూ టేపు గట్టిగా అంటించి ఒక రాత్రి, ఇంకో పగలు వదిలేయండి. తీసినప్పుడు అడుగున నీటి చుక్కలున్నా, గచ్చు నల్లబడినా కింది నుంచి తేమ వస్తున్నట్టే. వానాకాలంలో, అంటే ఇక్కడ డిసెంబరు నుంచి మార్చి మధ్యలో చేస్తేనే నిజం తెలుస్తుంది. ఆగస్టులో చేస్తే ఏ గచ్చయినా పొడిగానే ఉంటుంది. తెలిసినవాళ్లు ఒకరు ఇదంతా చూడకుండా నేరుగా కార్పెట్ పరిచారు. మొదటి వానాకాలానికే గదిలో తడి గోనెసంచి వాసన.

మూడోది అన్నిటికంటే ప్రమాదకరం. తలుపు దగ్గర గచ్చు మీద, ఇది పోస్ట్ టెన్షన్ స్లాబ్, కోయకూడదు, తొలవకూడదు అనే అచ్చు కనిపిస్తుందేమో వంగి చూడండి. బంకమట్టి నేలల మీద గత కొన్ని దశాబ్దాలుగా కట్టిన ఇళ్లలో ఇవి చాలా ఉన్నాయి. గచ్చు లోపల ఉక్కు తీగలు విపరీతమైన బిగింపులో ఉంటాయి. బాత్రూమ్ పైపు కోసం రంపం పెట్టి ఒక్క తీగ తెంపినా మనిషికి దెబ్బ తగలొచ్చు, ఇంటి పునాదీ దెబ్బతింటుంది. అచ్చు ఉంటే స్కాన్ చేయించి, తీగలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టించి, ఇంజనీరు సరేనన్నాకే కోత. వాడకంలో అచ్చు అరిగిపోయి ఉండొచ్చు కాబట్టి, కనిపించనంత మాత్రాన లేదని తీర్మానించకండి. ఇంటి పాత ప్లాన్లు సిటీ ఆఫీసులో అడిగి తీసుకోండి.

వాటం సరిచేయడానికి రెండు దారులు. ఒకటి, పైన ఇంకో పొర కాంక్రీటు లేదా లెవెలింగ్ మిశ్రమం పోయడం. రెండోది, చెమ్మ రాకుండా పొర పరిచి, దాని మీద మందు పట్టించిన చెక్క బద్దలను వాటానికి తగ్గట్టు కోసి వేసి, మధ్యలో ఇన్సులేషన్ కూరి, పైన ప్లైవుడ్ కొట్టడం. మేం రెండోది చేశాం. కాళ్లకు చల్లగా తగలదు. ఇంటి నేలతో మట్టం కలిసి గడప దగ్గర మెట్టు కూడా పోయింది. గ్యారేజీ గచ్చు సాధారణంగా ఇంటి నేలకంటే కొన్ని అంగుళాలు కిందే ఉంటుంది. అమ్మకోసం కడుతున్న గదిలో ఆ ఒక్క మెట్టును మళ్లీ మిగిల్చుకోవడం ఎందుకు? కాకపోతే నేల లేపాక కూడా పైకప్పు ఎత్తు కనీసం 7 అడుగులు మిగలాలి. ఆ లెక్క ముందే చూసుకోండి.

లోపల ఇప్పటికే కాపురం ఉన్నవి

గ్యారేజీ ఖాళీ చేసినా కదలనివి కొన్ని మిగులుతాయి: గ్యాస్ వాటర్ హీటర్, ఫర్నేస్, వాషర్, డ్రయర్, కరెంటు ప్యానెల్, ఈవీ చార్జర్. ఒక్కొక్కదానికీ చోటు తేలకుండా డ్రాయింగ్ గీయించకండి. మేం గీయించాం. వాటర్ హీటర్‌ను బట్టల అలమారాలో దాచేశాం, చూడటానికి చక్కగా ఉంది. ప్లాన్ పరిశీలించినవాళ్లు ఎర్రసిరాతో వెనక్కి పంపారు. మామూలు గ్యాస్ హీటర్ గదిలోని గాలినే పీల్చుకుని మండుతుంది కాబట్టి పడుకునే గదిలోకి తెరుచుకునే చోట పెట్టనివ్వరు. బయటి గోడకు బిగించే ట్యాంక్‌లెస్ హీటర్‌కు మారడంతో ఆ తలనొప్పి తీరింది. నెల రోజులు మాత్రం పోయాయి.

ప్యానెల్ ముందు 36 అంగుళాల లోతు, 30 అంగుళాల వెడల్పు ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. బట్టల అలమారాలో, బాత్రూమ్‌లో ప్యానెల్ ఉండకూడదు. ఈవీ చార్జర్‌ను బయటి గోడకు మార్చే ఖర్చు అందరూ మరిచిపోతారు.

ఏ పేరుతో అనుమతి

తెలిసిన వాళ్లలో ఒకరైనా "పర్మిట్ ఎందుకండీ, తలుపు అలాగే ఉంచి లోపల గోడ కట్టేస్తే ఎవరికి తెలుస్తుంది" అంటారు. మాకు మొదట వచ్చిన పనివాడూ అదే అన్నాడు, పైగా సగం రేటు చెప్పాడు. ఒప్పుకోకండి. అనుమతి లేని గదిలో మంటలు లేస్తే బీమా దగ్గర గొడవ. అమ్మేటప్పుడు ఆ చదరపు అడుగులు లెక్కలోకి రావు. ఫిర్యాదు వస్తే కట్టినదంతా పీకి చూపించమంటారు.

అనుమతికి మూడు దారులున్నాయి.

ఇంట్లో మామూలు అదనపు గదిగా మార్చుకోవడం మొదటిది. వంటగది ఉండదు, వేరే వాకిలి అక్కర్లేదు. వినడానికి ఇదే తేలిక. చిక్కల్లా పార్కింగ్‌తో. చాలా ఊళ్లలో ఇంటికి ఇన్ని కార్లకు నీడ ఉండాలని నియమం ఉంటుంది. గ్యారేజీ తీసేస్తే దానికి బదులు ఇంకోటి చూపించమంటారు.

రెండోది ఏడీయూ (యాక్సెసరీ డ్వెల్లింగ్ యూనిట్). అంటే ఉన్న ఇంటి స్థలంలోనే వంటగది, బాత్రూమ్, సొంత వాకిలి ఉన్న ఇంకో చిన్న ఇల్లు. 2020 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన రాష్ట్ర చట్టాలు దీన్ని బాగా సులువు చేశాయి. గ్యారేజీని ఏడీయూగా మారిస్తే పోయిన పార్కింగ్‌కు బదులు చూపించమని సిటీ అడగకూడదు. ఉన్న కట్టడాన్నే మారుస్తుంటే సరిహద్దుకు ఇంత దూరం వదలాలని పట్టుబట్టకూడదు. దరఖాస్తు పూర్తిగా అందాక 60 రోజుల్లో తేల్చాలి. పొరుగువాళ్ల అభ్యంతరాలు వినే బహిరంగ విచారణ ఉండదు. 750 చదరపు అడుగుల లోపు వాటికి ఇంపాక్ట్ ఫీజులు, అంటే కొత్త ఇళ్ల వల్ల ఊరి వసతులపై పడే భారానికి వసూలు చేసే రుసుములు, లేవు. అసలు ఇంటికి మంటలార్పే స్ప్రింక్లర్లు తప్పనిసరి కాకపోతే దీనికీ కాదు. హోమ్ ఓనర్స్ అసోసియేషన్ రంగు, రూపం విషయంలో సహేతుకమైన షరతులు పెట్టొచ్చు గానీ, అసలు వద్దనడానికి వీల్లేదు.

మూడోది జేఏడీయూ, అంటే జూనియర్ ఏడీయూ. 500 చదరపు అడుగులకు మించకూడదు, చిన్న వంట గట్టు ఉండాలి, బాత్రూమ్ ఇంటితో పంచుకోవచ్చు. ఇంటికి ఆనుకున్న గ్యారేజీ దీని కిందికి వస్తుంది. అయితే దీనికి ఆస్తి పత్రాల్లో ఒక షరతు నమోదు చేయించాలి. పార్కింగ్ విషయం కూడా సిటీ ప్లానింగ్ కౌంటర్లో అడిగి తేల్చుకోండి.

విచిత్రం చూడండి. అమ్మకు విడిగా వంటగది అక్కర్లేదు, ఆవిడ వంట మా వంటింట్లోనే. కానీ ఒక సింకు, రెండు పొయ్యిల స్టవ్, ఒక వాకిలి పెడితే చట్టం మనవైపు వస్తుంది. అందుకే ఏడీయూగా వెళ్లాం. తెల్లవారుజామున నాలుగింటికి నాన్న కాఫీ కలుపుకోవడానికి ఆ సింకు బాగానే పనికొస్తోంది. వాళ్లు ఊరెళ్లాక అద్దెకిద్దామనుకుంటే ఒక మాట: చాలాచోట్ల 30 రోజుల లోపు అద్దెలకు ఒప్పుకోరు.

సగం గ్యారేజీ ఉంచుకుని సగం గది చేద్దామనుకునేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. గ్యారేజీ నుంచి నేరుగా పడగ్గదిలోకి తలుపు పెట్టకూడదు. మధ్య గోడకు గ్యారేజీ వైపు కనీసం అరంగుళం జిప్సం బోర్డు ఉండాలి.

బాత్రూమ్ ఎక్కడ

ఖర్చులో సగం టెన్షన్ ఇక్కడే. టాయ్‌లెట్ పైపుకు అడుగుకు పావు అంగుళం వాటం కావాలి. బాత్రూమ్ గది చివర్లో ఉండి, పాత మురుగు పైపు 20 అడుగుల దూరంలో ఉంటే అయిదు అంగుళాల దిగుడు కావాలన్నమాట. పాత పైపు అంత లోతులో ఉందా? లేకపోతే పంపు పెట్టి ఎత్తిపోయాలి. అది మోత చేస్తుంది, చెడిపోతుంది కూడా. అందుకే ప్లంబర్ చేత కెమెరా పంపించి పాత పైపు ఎంత లోతులో ఎటు పోతోందో చూపించుకోండి. దాన్ని బట్టి బాత్రూమ్ చోటు తేలాలి. ఇంటి వంటగదికో, బాత్రూమ్‌కో వీపు ఆనించి పెట్టగలిగితే గచ్చు కోత తగ్గుతుంది.

వాస్తు చూసుకునేవాళ్లయితే ఈ దశలోనే పంతులుగారికి ఫోన్ చేయండి. అనుమతి వచ్చాక టాయ్‌లెట్ ఈశాన్యంలో ఉందని కదిలిస్తే ప్లాన్ మళ్లీ మొదటికి.

మనవాళ్లకు కావాల్సినవి ఇక్కడి డిజైనర్లకు చెబితే తప్ప తెలియవు. షవర్‌కు అడ్డుగట్టు వద్దు, నేల ఒకే మట్టంలో ఉండి నీళ్లు పోయే వాటం చాలు. షవర్‌తో పాటు గోడకు రెండున్నర అడుగుల ఎత్తులో ఒక కుళాయి అడగండి, కింద బకెట్ పట్టాలి. మా డిజైనర్‌కు ఇది అర్థం కావడానికి ఫోన్‌లో బకెట్, చెంబు బొమ్మ చూపించాల్సి వచ్చింది. కమోడ్ పక్కన హెల్త్ ఫాసెట్‌కు షటాఫ్ వాల్వ్ విడిగా ఉండాలి. పట్టుకునే కడ్డీలు ఇప్పుడు బిగించకపోయినా, గోడ మూసేముందు లోపల అడ్డంగా మందపాటి చెక్క కొట్టించండి. జిప్సం బోర్డుకు బిగించిన కడ్డీ మనిషి బరువుకు ఊడి చేతికొస్తుంది.

తలుపు పోయిన చోట

రెండు కార్ల గ్యారేజీ తలుపు 16 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు. పైన దూలం ఎలాగూ ఉంది కాబట్టి ఆ బరువు సంగతి సరే. కింద మాత్రం కొత్తగా కాంక్రీటు గట్టు పోసి, దాని మీద చెక్క గోడ లేపాలి. చెక్కను డ్రైవ్‌వేకి తాకించి పెడితే వాన నీళ్లు, చెదలు రెండూ పట్టుకుంటాయి. డ్రైవ్‌వే ఇంటివైపు వాలి ఉంటే గోడకు ముందు జాలీ కాలువ తప్పదు. ఈ గోడను భూకంపానికి తట్టుకునేలా కట్టిస్తే ఇంటికీ మంచిదే. గ్యారేజీ పైన గదులున్న ఇళ్లలో ఆ పెద్ద తలుపు సందే బలహీనమైన చోటు. ఇంజనీరు డ్రాయింగు ఇక్కడ తప్పించుకోకండి.

కిటికీలకు లెక్కలున్నాయి. నేల వైశాల్యంలో 8 శాతం వెలుతురుకు, 4 శాతం గాలికి. 400 చదరపు అడుగులకు 32 చదరపు అడుగుల అద్దం, అందులో 16 చదరపు అడుగులు తెరుచుకునేది అన్నమాట. పడుకునే గదిలో ఒక కిటికీలోంచి మనిషి బయటపడగలగాలి. తెరిచినప్పుడు కనీసం 20 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు, కింది అంచు నేలనుంచి 44 అంగుళాలకు మించకుండా. చాలామంది పొరబడేది ఇక్కడే. 20, 24 అంగుళాలు సరిపోయాయి కదా అని కొంటారు. కానీ కింది అంతస్తులో ఉన్న కిటికీకి మొత్తం ఖాళీ 5 చదరపు అడుగులు కూడా రావాలి. 20ని 24తో గుణిస్తే మూడుంపావు చదరపు అడుగులు దాటి కొంచెమే. 24కు 30 అంగుళాలు తెరుచుకుంటే సరిగ్గా అయిదు. స్లైడింగ్ కిటికీలో సగమే తెరుచుకుంటుందని గుర్తుంచుకుని కొలవండి.

డిజైనర్లు కిటికీలన్నీ పెరటివైపు పెడతామంటారు, ప్రైవసీ అని. మేం పెద్ద కిటికీ వీధివైపే పెట్టించాం. పగలంతా అందరం ఆఫీసుల్లో, బడిలో ఉంటే, అమ్మకు కాలక్షేపం ఆ కిటికీయే. చెత్త బండి ఏ వారం ఎన్నింటికి వస్తుందో ఇప్పుడు మాకంటే ఆవిడకే బాగా తెలుసు.

వేడి, చలి, కరెంటు

గ్యారేజీ బయటి గోడల్లో ఇన్సులేషన్ చాలాచోట్ల ఉండదు. 2×4 చెక్కలతో కట్టిన గోడలో ఆర్-13 నుంచి ఆర్-15 దాకా పడుతుంది (ఆర్ అంకె ఎంత పెద్దదైతే వేడి, చలి అంత బాగా ఆగుతాయి), పైకప్పులో అంతకు రెట్టింపు పైన కావాలి. టైటిల్ 24 అనే రాష్ట్ర నిర్మాణ నియమావళి అడిగే ఇంధన లెక్కల నివేదిక ప్లాన్‌తో పాటే ఇవ్వాలి. ఇంటి ఏసీ గొట్టాన్ని పొడిగించడం చవకగా కనిపిస్తుంది కానీ పాత యంత్రం ఆ బరువు మోయలేదు. పెద్దవాళ్లకు గది వెచ్చగా ఉండాలి, మనకు ఇల్లు చల్లగా ఉండాలి. ఆ గదికి విడిగా మినీ స్ప్లిట్ (వేడి, చల్లదనం రెండూ ఇచ్చే చిన్న ఏసీ) పెట్టించుకుంటే ఆ పేచీ ఉండదు. కరెంటుకు సబ్ ప్యానెల్ వేయించండి. పాత ఇంటికి 100 ఆంపియర్ల కనెక్షనే ఉంటే లోడ్ లెక్క కట్టించాలి. దాన్ని పెంచాల్సి వస్తే కరెంటు కంపెనీతో నెలలు పడుతుంది, దరఖాస్తు మొదటి వారంలోనే పెట్టేయండి.

కాంట్రాక్టరు, డబ్బు

లైసెన్సు నంబరు అడిగి, రాష్ట్ర కాంట్రాక్టర్ల బోర్డు వెబ్‌సైట్లో మీరే చూడండి. లైసెన్సు చెల్లుతోందా, బాండు ఉందా, పనివాళ్ల బీమా ఉందా అన్నవి అక్కడ కనిపిస్తాయి. అడ్వాన్సు విషయంలో కాలిఫోర్నియా చట్టం సూటిగా ఉంది: ఒప్పందం మొత్తంలో 10 శాతం, లేదా 1,000 డాలర్లు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది. దానికి మించి అడ్వాన్సు అడగకూడదు. మాకు మూడో వంతు ముందే ఇమ్మన్నవాళ్లు తగిలారు. ఆ నియమం చెప్పగానే ఒకరు ఫోన్ ఎత్తడం మానేశారు, మంచిదే అయింది. తర్వాతి చెల్లింపులు కూడా జరిగిన పనిని మించకూడదు.

ఇంకో ఉచ్చు లీన్. మీరు కాంట్రాక్టరుకు మొత్తం ఇచ్చేసినా, ఆయన ప్లంబర్‌కు ఇవ్వకపోతే ఆ ప్లంబర్ మీ ఇంటి మీద హక్కు నమోదు చేయించవచ్చు. ప్రతి వాయిదాకూ డబ్బు ముట్టిందని లీన్ రిలీజ్ సంతకం చేయించుకున్నాకే తర్వాతి చెక్కు ఇవ్వండి.

అంచనా పైన 15 నుంచి 20 శాతం చేతిలో ఉంచుకోండి. గచ్చు కోసినప్పుడు, గోడ విప్పినప్పుడు ఏం బయటపడుతుందో ముందే చెప్పగల మేస్త్రీ ఎక్కడా ఉండడు.

తనిఖీలు, ఆ తర్వాత

గచ్చు కింది పైపులు మూసేముందు ఒక తనిఖీ, తర్వాత చట్రం, గోడల్లోని కరెంటు, ప్లంబింగ్, ఆపైన ఇన్సులేషన్, జిప్సం బోర్డు, చివరికి ఫైనల్. ఏదీ దాటేసి ముందుకు పోనివ్వకండి, కాంట్రాక్టరు ఎంత తొందరపెట్టినా. బోర్డు బిగించే ముందురోజు సాయంత్రం ప్రతి గోడకూ టేపు కొలత కనిపించేలా ఫోటోలు తీయండి. ఏడాది తర్వాత దేవుడి పటానికి మేకు కొట్టేటప్పుడు లోపల పైపు ఎక్కడుందో ఆ ఫోటోలే చెప్తాయి. పొగ, కార్బన్ మోనాక్సైడ్ అలారాలు కొత్త గదిలోనే కాదు, పాత ఇంట్లో కూడా సరిగ్గా ఉన్నాయో లేదో ఫైనల్ రోజు చూస్తారు.

ఫైనల్ సంతకమైన కార్డును స్కాన్ చేసి ఇంటి కాగితాలతో ఉంచండి. బీమా కంపెనీకి గది పెరిగిందని రాతపూర్వకంగా చెప్పండి. కొన్ని నెలలకు కౌంటీ అసెసర్ దగ్గర్నుంచి ఉత్తరం వస్తుంది. కంగారు పడక్కర్లేదు, పన్ను పెరిగేది కొత్తగా చేరిన పని విలువ మీదే. ప్రాపొజిషన్ 13 అనే రాష్ట్ర ఆస్తిపన్ను నియమం కింద, ఈ పని వల్ల పాత ఇంటి విలువను మళ్లీ లెక్కకట్టరు. కొత్త పని విలువ ఎంతని వేశారో మీ బిల్లులతో సరిచూసుకుని, ఎక్కువ వేశారనిపిస్తే ఉత్తరంలో రాసిన గడువు లోపల అప్పీలు పెట్టుకోండి.